కొత్త కాల్‌సైన్‌తో గ్రూపుల్లో చేరుతున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీకు హామ్ రేడియో లైసెన్స్, గాలిలో నిన్ను పిలిచే కాల్‌సైన్ వచ్చాయని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. "వీయూ3తో మొదలవుతుందంట అన్నయ్యా, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చదివి వినిపిస్తోంది" అని ఒకటే మురిసిపోయింది. నాకైతే కడుపు నిండిపోయింది తల్లీ. హామ్‌ల, అంటే సరదాకి సొంత రేడియో సెట్‌తో మాట్లాడుకునేవాళ్ళ, గ్రూపుల్లో ఎక్కడ చేరాలి, చేరాక ఏం మాట్లాడాలి అని నువ్వు అడగమన్నావట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

కనబడిన ప్రతి గ్రూపులోనూ చేరిపోకు. రెండు చాలు. ఒకటి మన ఉత్తరాంధ్ర వాళ్ళుండే వాట్సాప్ గ్రూపో, టెలిగ్రామ్ గ్రూపో. మన మాట అందుకుని ఇంకా దూరం పంపే రిపీటర్ ఎందుకు ఆగిపోయింది, ఆదివారం నెట్ (గాలిలో అందరం కలిసే సమావేశం) ఎవరు నడుపుతున్నారు, యాంటెన్నాకి వెళ్ళే మంచి కోయాక్స్ కేబుల్ ఎక్కడ దొరుకుతుంది, ఇలాంటివన్నీ అక్కడే తెలుస్తాయి. రెండోది దేశదేశాల వాళ్ళు కలిసే చోటు. నీ వయసు వాళ్ళు ఎక్కువగా డిస్కార్డ్‌లో ఉంటున్నారు. 1988లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఐఆర్‌సీ అనే పాత చాట్‌ని పట్టుకుని ఉన్న పాతవాళ్ళూ ఉన్నారు. వీహెచ్ఎఫ్ తరంగాల మీద దూరాలు కొట్టాలనుకునేవాళ్ళకి బెల్జియం హామ్ ఒకాయన నడిపే ఓఎన్4కేఎస్‌టీ చాట్ ఉంది. అందులో బ్యాండుకో గది. అది మాత్రం ఇప్పుడే వద్దు, చేతికి కాస్త అనుభవం వచ్చాక చూద్దువుగాని.

చేరిన మొదటి వారం ఏమీ టైప్ చేయకు, చదువు. ఎవరు ఏ టైముకి వస్తారు, ఎవరు ఓపిగ్గా జవాబిస్తారు, ఏ మాటకి అడ్మిన్‌కి కోపమొస్తుంది, అన్నీ ఆ వారంలోనే తెలిసిపోతాయి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్ ఒకసారి తెరిచి చూడు. అక్కడి రిసీవర్‌ని ఇక్కడ నీ ఫోన్లో తిప్పుకోవచ్చు, లైసెన్స్ కూడా అక్కర్లేదు. ఆ పేజీలోనే చాట్ పెట్టె ఉంటుంది. చెవికి ఒక స్టేషన్ వినబడుతుంటే దాని గురించి జనం రాసుకునేది కంటికి కనబడుతుంది. ఈ రెండూ కలిపి పట్టుకోవడం అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి బడి నాకు తెలీదు.

తర్వాత పరిచయం. పేరు, కాల్‌సైన్, ఊరు, ఏ సెట్ ఉంది, ఏం నేర్చుకోవాలనుంది. నాలుగు ముక్కలు చాలు. ఇంటి అడ్రస్ మాత్రం రాయొద్దు. నువ్వు ఎక్కడున్నావో చెప్పడానికి మనకి భూమిని గడులుగా విడదీసి పేర్లు పెట్టిన గ్రిడ్ లొకేటర్ ఉంది కదా. మీ విజయనగరం ఎన్‌కే18, మా విశాఖ ఎన్‌కే17. మన దగ్గర ఒక్కో గడి దాదాపు 210 కిలోమీటర్ల వెడల్పు, 110 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. యాంటెన్నా ఎటు తిప్పాలో అవతలివాడికి ఆ మాత్రం చాలు, నీ వీధి తెలియాల్సిన పని లేదు. ఇంకొకటి. వాట్సాప్ గ్రూపులో చేరితే నీ నంబర్ అందరికీ కనబడుతుంది. టెలిగ్రామ్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నంబర్ ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు, చేరకముందే ఆ పని చెయ్యి. లైసెన్స్ వచ్చిన సంబరంలో దాని ఫోటో గ్రూపులో పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. అలా చేయొద్దు, అందులో నీ వివరాలన్నీ ఉంటాయి. హామ్‌లని ఇంటర్నెట్ మీద కలిపే ఎకోలింక్‌లో చేరేటప్పుడు లైసెన్స్ రుజువు అడుగుతారు, అక్కడ ఇవ్వక తప్పదు. గ్రూపులో ఎవరైనా అడిగితే కాల్‌సైన్ చెప్పు, చాలు.

మన భాష కొంత నీకు పరీక్షకి చదివినప్పుడే వచ్చింది. క్యూటీహెచ్ అంటే ఉన్న చోటు, క్యూఎస్ఎల్ అంటే అందింది, క్యూఆర్ఎమ్ అంటే పక్క స్టేషన్ల గోల. చాట్‌లో కూడా ఇవే నడుస్తాయి. 73 అంటేనే శుభాకాంక్షలు, దానికి మళ్ళీ బహువచనం తగిలించకు. 88 అంటే ప్రేమతో, ముద్దులతో అని. ముక్కూ మొహం తెలియనివాడు నీకు 88 పెడితే జవాబివ్వాల్సిన పని లేదు. మళ్ళీ పెడితే అడ్మిన్‌కి చెప్పు, మొహమాటపడకు. టైము ఎప్పుడూ ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీలోనే రాయి. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేస్తే సరి. పొద్దున్న 7 గంటలంటే 0130. "రేపు రాత్రి 8కి వస్తా" అని రాస్తే జర్మనీవాడు వాళ్ళ ఎనిమిదింటికి కూర్చుంటాడు, నువ్వప్పటికి నిద్రపోతుంటావు.

సాయం అడగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, కొత్తవాళ్ళు అక్కడే నొచ్చుకుని వెళ్ళిపోతుంటారు. "హాయ్, నా రేడియో పనిచేయట్లేదు, హెల్ప్ ప్లీజ్" అని రాస్తే ఎవరూ పలకరు. పొగరుతో కాదు, ఏం చెప్పాలో వాళ్ళకీ తెలీదు. ఇలా రాసి చూడు: "5 వాట్ల హ్యాండీ (చేతి సెట్), రెండో అంతస్తు బాల్కనీ, డాబా మీద సొంతంగా చేసిన డైపోల్ యాంటెన్నా, ఆర్‌జీ58 కేబుల్ 12 మీటర్లు. రిపీటర్ ఓపెన్ అవుతోంది కానీ నా మాట తెగిపోతోందంటున్నారు. ఎస్‌డబ్ల్యూఆర్ 3 చూపిస్తోంది. నిన్న ప్లగ్ మార్చినా అంతే." (ఎస్‌డబ్ల్యూఆర్ అంటే యాంటెన్నాకి పంపింది ఎంత వెనక్కి వస్తోందో చూపే కొలత, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది.) ఈ మెసేజ్‌కి తోడు ప్లగ్ దగ్గర సోల్డరింగ్ ఫోటో, వెలుతురులో, దగ్గరగా. మొన్న ఒక కుర్రాడు ఇలాగే పెట్టాడు. ఫోటో పెద్దది చేసి చూస్తే కోయాక్స్ పైన ఉండే జాలీలోని సన్నటి తీగ ఒకటి మధ్య పిన్నుకి ఆనుకుని ఉంది. పది నిమిషాల్లో తేలిపోయింది. తేలాక ఆ అబ్బాయి "అదే, తీసేశాక ఎస్‌డబ్ల్యూఆర్ 1.3కి దిగింది" అని మళ్ళీ వచ్చి రాశాడు. నువ్వూ అలాగే చెయ్యి. ఫలానాది చేస్తే బాగైందని తిరిగి చెప్పినవాళ్ళకి రెండోసారి అందరూ పలుకుతారు.

పాత సెట్ చవగ్గా ఇస్తానని ఎవరైనా విడిగా మెసేజ్ పెడితే అడ్వాన్స్ పంపకు. గ్రూపులో పెద్దవాళ్ళని అడుగు, నన్నడుగు.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన మాట. కొన్నేళ్ళ కింద వేసవి మొదట్లో ఒక పొద్దున్న, సముద్రం మీద గాలి పొరలు కలిసొచ్చి 144 మెగాహెర్ట్జ్ తరంగం చాలా దూరం పోయే రోజు. చెన్నైలో ఒక మిత్రుడు, ఇక్కడ నేను. మధ్యలో దాదాపు 600 కిలోమీటర్లు. చాట్ తెరిచి పెట్టుకుని అరగంట పిలుచుకున్నాం. నాకు హోరు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆయన చాట్‌లో "వినబడ్డావు, 5 3 ఇస్తున్నా" అని టైప్ చేశాడు. మాట బాగా అర్థమవుతోంది, సిగ్నల్ మాత్రం బలహీనం అని ఆ రిపోర్ట్. ఆ అక్షరాలు చూశాక ఆ హోరులోనే ఆయన గొంతు ఉన్నట్టు అనిపించింది. మాట్లాడిన స్టేషన్లు రాసుకునే లాగ్ పుస్తకంలో రాసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా చెవి వినలేదని నాకు తెలుసు. పొద్దున్నే లేచి ఆ వరుస కొట్టేసి ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. తర్వాత పది రోజులకి నిజంగానే విన్నాం, రెండు నిమిషాలు. అప్పుడు రాసిన వరుస చూస్తే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అందుకని, ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని గంటలకి, యాంటెన్నా ఎటు, ఇవన్నీ చాట్‌లో మాట్లాడుకో. కాల్‌సైన్, రిపోర్ట్ మాత్రం గాలిలోనే రావాలి. చాట్‌లో చదివింది లాగ్‌లో రాయకు.

హుద్‌హుద్ నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నపిల్లవి. 2014 అక్టోబరు 12, ఆదివారం. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, గ్రూపులన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ముందురోజు రాత్రి చాట్‌లో అనుకున్న ఫ్రీక్వెన్సీని కాగితం మీద రాసి గోడకి అంటించుకున్న నలుగురం, కారు బ్యాటరీకి సెట్ తగిలించుకుని ఒకరికొకరం దొరికాం. ఫోన్లో చూసుకుందాంలే అనుకున్నవాళ్ళు దొరకలేదు. తుపాను కబురు వచ్చిందంటే గ్రూపులో తేల్చుకున్నవి వెంటనే కాగితం మీదికెక్కించు. అలాంటప్పుడు ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకి చెప్పారో తెలియని కబురు ఒక్కటి కూడా ముందుకు పంపకు. నెట్ నడిపేవాళ్ళు అడిగితే తప్ప "ఓకే", "దేవుడా" లాంటివి కూడా టైప్ చేయకు. ఆ హడావుడిలో ఒక్క అనవసరపు మాట వల్ల అవసరమైనది పైకి జరిగిపోయి ఎవరి కంటా పడదు.

వచ్చే ఆదివారం 0130 యూటీసీకి నువ్వు హ్యాండీ పట్టుకుని డాబా ఎక్కు. నేను ఇక్కడ యాగీ యాంటెన్నాని మీ విజయనగరం వైపు తిప్పి ఉంచుతాను. డాబా ఎక్కాక గ్రూపులో "రెడీ" అని పెట్టు, ఫ్రీక్వెన్సీ నేను రాస్తాను. నీ రిపోర్ట్ మాత్రం మైకులో చెప్పు.

మీ అమ్మకీ నాన్నగారికీ అడిగానని చెప్పు.

73,
మామయ్య