మూడు తరాలు ఒకే ఇంట్లో ఉంటే లాభమేంటి?

పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా అమ్మానాన్నలతో కలిసే ఉంటే నిజంగా లాభముందా అన్నది ప్రశ్న. ఉంది. అన్నిటికన్నా పెద్దది పసిపిల్లల పెంపకం. 2017 చట్ట సవరణతో ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. అంటే ఆరు నెలలు. అప్పటికి బిడ్డ సరిగ్గా కూర్చోను కూడా కూర్చోదు. ఇంట్లో నానమ్మ ఉంటే కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి నీళ్లు పోస్తుంది. ఆ పని డబ్బిచ్చి చేయించుకోవచ్చు గానీ, ఏడుపు విని అది ఆకలో కడుపునొప్పో చెప్పే మనిషి జీతానికి దొరకడం కష్టం.

పెద్దవాళ్లకూ అంతే. "తాతయ్యా, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని మనవరాలు అడుగుతుంది. రాత్రి బాత్‌రూంలో కాలు జారితే పిలిస్తే పలికేవాళ్లుంటారు.

ఖర్చు కలిసొస్తుందని వేరే చెప్పాలా! ఒకటే అద్దె, ఒకటే ఫ్రిజ్.

కాకపోతే వంటా వార్పూ అంతా కోడలి నెత్తిన పడితే ఈ లాభాలన్నీ మిగతావాళ్లవే. పనులెవరివో ముందే మాట్లాడుకోండి. ఆస్తి సంగతి కూడా. పెద్దవాళ్లను చూసుకుంటున్న కొడుకుదే ఇల్లు అనుకోవడం మనవాళ్లకు అలవాటు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకూ సమాన హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెబుతోంది.