కారు ఏసీ వేస్తే గరగర శబ్దం: గ్యాస్ నింపించాలా?

బెంగళూరులో ఉంటున్న మీరు, ఏసీ వేయగానే డాష్‌బోర్డు వెనక గరగరమంటోందని, మెకానిక్ గ్యాస్ నింపాలంటున్నాడని అడిగారు. తొందరపడి డబ్బు పెట్టకండి. ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి.

ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఏసీ బటన్ నొక్కకుండా ఫ్యాన్ మాత్రం 1 నుంచి 4 వరకు పెంచండి. ఫ్యాన్‌తో పాటే శబ్దం పెరిగితే అది బ్లోయర్‌ది (లోపలికి గాలి ఊదే ఫ్యాన్), గ్యాస్‌కు సంబంధమే లేదు. జయనగర్, మల్లేశ్వరం లాంటి చోట్ల చెట్ల కింద కారు నిలిపేవాళ్లు ముందు దీన్నే అనుమానించాలి. ఎండుటాకులు, పూరేకులు ముందు అద్దం కింది జాలీలోంచి లోపలికి చేరతాయి. చాలా కార్లలో లోపలికొచ్చే గాలిని వడగట్టే క్యాబిన్ ఫిల్టర్ గ్లోవ్‌బాక్స్ వెనకే ఉంటుంది. తీసి దులపండి, నల్లబడితే మార్చండి. అప్పటికీ తగ్గకపోతే బ్లోయర్ మోటారు చూపించాలి.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ నొక్కినప్పుడే కీచుమంటే కంప్రెసర్‌ను (ఏసీ గ్యాస్‌ను నొక్కి పంపే పంపు) తిప్పే బెల్టు వదులై ఉండొచ్చు, లేదా అరిగి ఉండొచ్చు. బానెట్ కింద ఇనుము రాసుకుంటున్నట్టు వినిపిస్తే మాత్రం వెంటనే ఏసీ ఆపేయండి. కంప్రెసర్ లోపల అరిగి ఆ లోహపు పొడి పైపుల్లోకి పాకితే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఏసీ ఆపినా శబ్దం ఆగకపోతే కంప్రెసర్ పుల్లీ (బెల్టు తిప్పే చక్రం) బేరింగ్ కూడా చూడమనండి, చాలా కార్లలో ఆ పుల్లీ ఏసీ లేకున్నా తిరుగుతూనే ఉంటుంది.

ఏసీ ఆన్ అయ్యేటప్పుడు ఒక 'టక్', ఇంజిన్ ఆపాక కాసేపు 'సుయ్' సహజమే.

గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూడకుండా నింపుతానంటే ఒప్పుకోకండి.