పియానోకి చిన్న కంప్యూటర్ తగిలించి లైట్లతో నేర్చుకోవచ్చా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ ప్రశ్న: డిజిటల్ పియానోకి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కలిపి, ఏ కీ నొక్కాలో ఎల్‌ఈడీ లైట్లు చూపించేలా పెట్టుకోవచ్చా, లాప్‌టాప్ లేకుండా కుదురుతుందా అని. కుదురుతుందండి. తిరుపతిలో మా ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. ప్రోగ్రామింగ్ నాకూ రాదు, దాని దగ్గర ఇబ్బంది పడలేదు. పడిందంతా కేబుల్ దగ్గర, కరెంటు దగ్గర.

పియానో వెనక ‘యూఎస్‌బీ టు హోస్ట్’ అని, ప్రింటర్‌కి ఉండేలాంటి చదరపు పోర్ట్ ఉందేమో చూడండి. మీరు ఏ కీ నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో అక్కడినుంచి మిడి (వాద్యాలు, కంప్యూటర్లు మాట్లాడుకునే భాష) నంబర్లుగా బయటికొస్తుంది. 88 కీల పియానోలో ఎడమ చివరి కీ 21, మధ్య ‘సి’ 60, కుడి చివరిది 108. చిన్న కంప్యూటర్ ఆ నంబర్ అందుకుని దానికి సరిపోయే లైటు వెలిగిస్తుంది, అంతే సంగతి. నేను వాడేది రాస్ప్‌బెర్రీ పైలోనే చిన్న మోడల్, పై జీరో 2 డబ్ల్యూ, అందులో ‘పియానో ఎల్‌ఈడీ విజువలైజర్’ అనే ఉచిత ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్‌ని మెమరీ కార్డులోకి ఎక్కించడానికి ఒక్కసారి ఎవరిదైనా లాప్‌టాప్ అడిగి తీసుకోవాలి. ఆ తర్వాత పాటలు ఎక్కించడం, రంగులు మార్చడం అన్నీ ఫోన్ బ్రౌజర్‌లోనే.

లైట్లకి డబ్ల్యూఎస్2812బీ రకం ఎల్‌ఈడీ స్ట్రిప్ (ఒక్కో లైటునీ విడిగా వెలిగించగలిగే పట్టీ), మీటరుకి 144 లైట్లు ఉన్నదే తీసుకోండి. 60 లైట్లది చవగ్గా వస్తుంది కానీ కీలకి కుదరదు. 144 దాంట్లో కీకి రెండు లైట్లు చొప్పున లెక్కేస్తే 88 కీలకి 176 లైట్లు, పొడవు 122 సెంటీమీటర్లు. పియానో కీబోర్డు పొడవూ దాదాపు అంతే. ఎవరో కొలిచి చేసినట్టు సరిపోతుంది! కాకపోతే స్ట్రిప్ ఎక్కువగా మీటరు ముక్కలుగా వస్తుంది కాబట్టి 72వ కీ తర్వాత అతుకు పడుతుంది. ఆ అతుకు దగ్గర నేను సోల్డరింగ్ కాస్త లావుగా పెట్టాను. అక్కడినుంచి కుడివైపు లైట్లన్నీ అర కీ పక్కకి జరిగాయి. విప్పి మళ్లీ అతికించాను. స్ట్రిప్ మీద బాణం గుర్తు కూడా చూసుకోండి. డేటా వైరు బాణం మొదలయ్యే చివర ఇవ్వాలి. నేను రెండో చివర ఇచ్చి, ఒక్క లైటూ వెలగక, స్ట్రిప్ పాడైందనుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఇంకోటి కొన్నాను. మొదటిది ఇప్పుడు దేవుడి గదిలో వెలుగుతోంది.

ఇక కేబుల్ సంగతి. పై జీరోకి రెండు మైక్రో యూఎస్‌బీ పోర్టులుంటాయి. ‘పీడబ్ల్యూఆర్’ అని ఉన్నది కరెంటుకి, రెండోది పియానోకి. అంతా సరిగ్గానే పెట్టాను, పియానో మాత్రం కనిపించలేదు. రెండు రాత్రులు సెట్టింగులు కెలికాను. చివరికి చూస్తే నేను వాడిన కేబుల్ చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది, లోపల డేటా తీగలే లేవు. ఫోన్‌కి పెట్టి ఫోటోలు కాపీ అవుతున్నాయో లేదో చూసుకుని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

కరెంటు దగ్గర మాత్రం దయచేసి పొదుపు చేయకండి. నేను మొదట ఫోన్ చార్జర్‌తో రాస్ప్‌బెర్రీ పైకి, దాన్నుంచే స్ట్రిప్‌కి కరెంటు ఇచ్చాను. ఒక్కో కీ నొక్కితే బాగానే ఉంది. రంగులు మారే యానిమేషన్ పెట్టగానే చిన్న కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలైంది, మళ్లీ ఆగింది. ఒక్కో లైటు పూర్తి తెల్లగా వెలిగితే దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. 176 లైట్లకి 10 ఆంపియర్లు దాటుతుంది, ఫోన్ చార్జర్ ఎక్కడ తట్టుకుంటుంది? విడిగా 5 వోల్టుల, 10 ఆంపియర్ల సప్లై పెట్టి, వెలుతురు పావు వంతుకి తగ్గించాను. సప్లై మైనస్, రాస్ప్‌బెర్రీ పై గ్రౌండ్ పిన్ కలిపే ఉండాలి, లేకపోతే లైట్లు పిచ్చిపిచ్చిగా మిణుకుతాయి. ఆ సప్లైకి 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి. పిల్లలున్న ఇల్లైతే ప్లాస్టిక్ డబ్బాలో, గాలి ఆడేలా రంధ్రాలు పెట్టి మూసేయండి.

మొదటిసారి అన్నీ కలిసి వెలిగినప్పుడు మా అవ్వ గుమ్మం దగ్గర నిలబడి, “ఏందిరా, బ్రహ్మోత్సవాలకి కట్టినట్టు కట్టినావే!” అనింది.

నేర్చుకోవడానికి పనికొస్తుందా అంటే, మా పాపకి వచ్చింది, కానీ సగమే. ఈ ప్రోగ్రామ్‌లో సరైన కీ నొక్కేదాకా పాట ఆగి ఉండే పద్ధతి ఉంది, అదే వాడండి. చేతులు విడివిడిగా, ఎడమచేతికి ఒక రంగు, కుడిచేతికి ఇంకో రంగు. రెండు వారాల్లో పాప ఒక చిన్న పాట వాయించేసింది. సంతోషంగా టీచర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ నోట్స్ కాగితం ముందు పెట్టారు. మొదటి లైనే చదవలేకపోయింది! చూపంతా కీల మీదే ఉండిపోయింది మరి. ఎప్పుడు నొక్కాలన్న తాళం కూడా లైటు నేర్పదు, అది ఆగి ఎదురుచూస్తుంది కాబట్టి. అప్పటినుంచి కొత్త పాటకి మూడు రోజులే లైట్లు, ఆ తర్వాత కాగితం, మెట్రోనోమ్ (టిక్ టిక్ అని తాళం వేసేది). పాపకి ఈ నియమం నచ్చలేదు, ఇప్పటికీ బేరం ఆడుతుంది.

అన్నమయ్య కీర్తనలకి ఎడమచేయి, కుడిచేయి విడిగా ఉన్న మిడి ఫైళ్లు నాకు దొరకలేదు. తెలిసినవాళ్లని పియానో మీద వాయించమని రికార్డు చేసుకుంటున్నాను. గమకాలు ఎలాగూ పియానో కీలమీద పలకవు, స్వరాల వరకే ఆశ పెట్టుకోండి.

ఇంకో మాట. రాస్ప్‌బెర్రీ పైని ఫోన్‌లోంచి షట్‌డౌన్ చేశాకే స్విచ్ ఆపండి. వాయిస్తుండగా కరెంటు పోయి మా మెమరీ కార్డు ఒకసారి పాడైంది. కార్డుకి కాపీ ఒకటి తీసిపెట్టుకోండి.

మీ పియానో ఏ మోడలో చెప్పలేదు. 61 కీలదైతే మీకు పని ఇంకా సులువు. సాధారణంగా నంబర్లు 36 నుంచి మొదలవుతాయి, 122 లైట్లు చాలు, ఒక్క మీటరు ముక్కతో అతుకు లేకుండా అయిపోతుంది.