కాన్‌బెరా ఏ రంగు అని అడిగిన బుజ్జికి

తిరుపతి

చిరంజీవి బుజ్జికి,

పెదనాయన ఆశీస్సులు. నువ్వు పంపిన కాన్‌బెరా నిఘా విమానం మోడల్ ఫోటో చూశాను. రెక్కలు బాగా అతికించావు, అతుకుల దగ్గర పుట్టీ కూడా నున్నగా అరగదీశావు. కింద ఒక్క ముక్క రాశావు, "పెదనాయనా, కాన్‌బెరాకి ఏ రంగు వేయాలి?" అని. ఫోన్‌లో రెండు మాటల్లో చెప్పే సంగతి కాదని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ అమ్మ పెళ్ళి పట్టుచీర ఏ రంగు అంటే చెప్పగలను. పట్టుచీరలు ఏ రంగు అంటే ఏం చెప్పను? ఏ కాన్‌బెరా, ఏ సంవత్సరంలో ఎలా ఉండింది అన్నది ముందు నువ్వు తేల్చుకోవాలి.

మన వాయుసేన 1957లో ఆర్డరు పెట్టినప్పుడు బాంబులు వేసే బి(ఐ)58లు 54, ఆకాశం నుంచి ఫోటోలు తీసే పీఆర్ 57లు 8, శిక్షణకి టీ4లు 6 అడిగింది. 2007 మే 11న ఆగ్రాలో కాన్‌బెరాలకి వీడ్కోలు చెప్పారు. అంటే యాభై ఏళ్ళు. అన్నేళ్ళలో మన ఇంటికి ఎన్నిసార్లు సున్నం కొట్టామో, ఎన్ని రంగులు మార్చామో గుర్తు చేసుకో. విమానం కూడా అంతే. పెద్ద సర్వీసింగుకి పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి మారుతుంది.

ఇంకో మాట. నీ డబ్బాలో ఉన్నది అసలు పీఆర్ రకమేనా అని చూసుకో. పైలట్ కూర్చునే చోట అద్దపు బుడగ ముక్కు మీద నడిమధ్యన ఉంటే సరే. ఎడమ పక్కకి జరిగి, ఫైటర్ విమానానికి ఉన్నట్టు ఉంటే అది బి(ఐ)58. దాని మీద నిఘా విమానం నంబరు వేస్తే, తెలిసినవాడు గుమ్మంలో నుంచే పట్టేస్తాడు.

ఇక రంగు ఎందుకు వేస్తారో ఆలోచించు. నిఘా విమానం చాలాసార్లు ఆయుధం లేకుండా పోతుంది. కనబడకపోవడం, అందకపోవడం, ఈ రెండే దానికి కాపుదల. 1939లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా ఆయన బ్రిటన్‌లోని హెస్టన్ విమానాశ్రయంలో నిలబడి ఉండగా, మన జోధ్‌పూర్ మహారాజు సొంత విమానం పైకి లేచిందట. దాని లేత ఆకుపచ్చ రంగు వల్ల మిగతా వాటికంటే తొందరగా ఆకాశంలో కలిసిపోయిందట. అది చూసి ఆయన తన నిఘా విమానాలకి అలాంటి లేత రంగే వేయించాడని చెబుతారు. నాకు ఈ కథంటే ఎంత ఇష్టమో చెప్పలేను. తర్వాత బ్రిటిష్ వాళ్ళ నిఘా స్పిట్‌ఫైర్లకి నీలం వచ్చింది. ఎత్తున ఎగిరేవాటికి ఆ నీలం. మేఘాల కింద, తెల్లవారుజామునో పొద్దుగూకే వేళో తక్కువ ఎత్తులో పోయేవాటిలో కొన్నిటికి లేత గులాబీ. గులాబీ ఏమిటని నవ్వకు. రేపు పొద్దున్నే మిద్దె మీదికెక్కి, సూర్యుడు రాకముందు మబ్బుల రంగు చూడు.

మన బరేలీలో 1981 నుంచి 2006 వరకు ఉన్న మిగ్ 25 నిఘా విమానాల సంగతి వేరు. అవి ఎవరికీ అందనంత ఎత్తులో, అందనంత వేగంతో పోయేవి. వాటికి మట్టి రంగు, ఆకు రంగు మచ్చలతో పని లేదు, బూడిద రంగు చాలింది. అమెరికా వాళ్ళ ఎస్ఆర్ 71కి నలుపు వేసింది చీకట్లో దాక్కోవడానికి అనుకుంటారు చాలామంది. ఆ వేగానికి దాని ఒళ్ళు కాలిపోతుంది, నల్లరంగు ఆ వేడిని త్వరగా బయటికి వదులుతుంది. అదీ అసలు కారణం. కారణం తెలిస్తే, అబద్ధపు బొమ్మ కంటబడినప్పుడు నీకే అనుమానం వస్తుంది.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. డ్రాయింగ్ మాస్టరుగా చేరిన కొత్తలో లైసాండర్ చేశాను. మన వాయుసేన దళం ఒకటో స్క్వాడ్రన్ 1942లో బర్మాకి తీసుకుపోయిన రకం అది, సైన్యానికి ముందు పోయి చూసొచ్చే విమానం. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క నలుపు తెలుపు ఫోటోలో రౌండల్, అంటే విమానం మీద దేశం గుర్తుగా వేసే గుండ్రం, దాని చుట్టూ బయట వలయం ముదురుగా ఉండింది. నల్లగా వేసేశాను. స్కూల్ ఎగ్జిబిషన్‌లో పెట్టాను, అందరూ మెచ్చుకున్నారు. మూడేళ్ళకి తెలిసింది, అది పసుపు. ఆ రోజుల్లో ఆర్థోక్రోమాటిక్ అనే ఫిల్ము ఉండేది. అది ఎరుపుని చూడలేదు. దానిలో ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం వెలిసిపోయినట్టు పడతాయి. అన్ని రంగులనీ చూసే పాంక్రోమాటిక్ ఫిల్ములో ఈ తేడా చాలావరకు పోతుంది, కానీ ఫోటో తీసినాయన లెన్సుకి పసుపు ఫిల్టర్ పెట్టుకుంటే నీలం ముదురుతుంది. ఎగ్జిబిషన్ చూసిన పిల్లలకి తప్పు చూపించానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే చెప్తున్నా, నలుపు తెలుపు ఫోటోలో ఒక రంగు తేల్చాలంటే, అదే ఫోటోలో నీకు కచ్చితంగా తెలిసిన ఇంకో రంగు వెతుకు. జెండా రంగులు, మనిషి చర్మం, గడ్డి, టైరు, ఏదైనా సరే. దాని పక్కన పెట్టి పోల్చు.

కలర్ ఫోటో దొరికితే పని అయిపోయిందని సంబరపడకు. పాత ప్రింట్లలో రంగులన్నీ ఒకేలా వెలవవు, నీలి రంగు ముందు పోయి ఫోటో మొత్తం ఎర్రబారుతుంది. మీ నాయన చిన్నప్పటి ఆల్బమ్ తీసి చూడు, అందరి ముఖాలూ ఎర్రగా ఉంటాయి. ఫోన్ స్క్రీన్ ఒక రంగు చూపిస్తుంది, కంప్యూటర్ ఇంకొకటి చూపిస్తుంది. నీడలో ఉన్న విమానం పొట్టకి కింద నేల రంగు అంటుకుంటుంది.

గుర్తుల దగ్గరికి వస్తే, అవే నీకు తేదీ చెప్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్ళ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా మన వైపు విమానాల రౌండల్లో ఎరుపు తీసేశారు. అరకాన్‌లో నిఘాకి తిరిగిన మన ఆరో స్క్వాడ్రన్ హరికేన్ విమానాల మోడల్ చేస్తే ఎర్రచుక్క పెట్టొద్దు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్ళలో అశోక చక్రం ఉండేది. 1950 నుంచి మధ్యలో కాషాయం, తర్వాత తెలుపు, బయట ఆకుపచ్చ. మన నిఘా స్పిట్‌ఫైర్ ఫోటో ఏదైనా దొరికితే ముందు ఆ గుండ్రం చూడు, 1950కి ఇవతలో అవతలో తెలిసిపోతుంది. ఒక పక్క ఫోటోనే ఉంటే రెండో పక్క కూడా అద్దంలో చూసినట్టే ఉంటుందని అనుకోవద్దు. నంబరు ఉండే చోటు, స్క్వాడ్రన్ బొమ్మ, మచ్చల గీతలు, ఇవన్నీ మారొచ్చు.

రంగుల నంబర్ల గురించి ఎక్కువ టెన్షన్ పడకు. బ్రిటిష్ వాళ్ళ 381సి రంగుల పట్టికలో ఆ నిఘా నీలానికి 636 అని నంబరు ఉంది. అమెరికా వాళ్ళ 595 పట్టికలో ఐదంకెలుంటాయి, మొదటి అంకె మెరుపు చెప్తుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మ్యాట్, అంటే మెరుపు లేనిది. నంబరు డబ్బాలో ఉన్న రంగుది. ఎండలో, వానలో ఐదేళ్ళు నిలబడిన విమానానిది కాదు. కాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళని అడుగు, అదే కరక్కాయ, అదే పటిక వాడినా నీళ్ళు మారితే ఎరుపు మారుతుందంటారు. 1999లో కార్గిల్ మీద ఫోటోలు తీయబోయిన మన కాన్‌బెరాకి మిస్సైల్ తగిలి కుడి ఇంజిన్ దెబ్బతింది, అయినా వెనక్కి వచ్చింది. అలాంటి మరమ్మతు జరిగిన చోట కొత్త రేకు, కొత్త రంగు పడతాయి కదా? అందుకే నీ విమానం నంబరు, నీ విమానం తేదీ అని ఇంతసేపు పోరుతున్నాను.

మ్యూజియంకి పోవాలి, తప్పకుండా పో. వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ 142 విమానం ఉంది. మనకి దగ్గర్లోని అరక్కోణం నౌకాదళ స్థావరం నుంచే అది సముద్రం మీద నిఘాకి ఎగిరేది, 2017లో రిటైర్ అయింది. నేను అరక్కోణంలో రైలు మారేటప్పుడు ఒకసారి ఆ నాలుగు ఇంజిన్ల హోరు విన్నాను, ప్లాట్‌ఫారం మీద మాటలు ఆగిపోయాయి. అయితే మ్యూజియంలో నిలబెట్టిన విమానానికి మళ్ళీ మళ్ళీ రంగులు వేస్తుంటారు. అక్కడ ఆకారం, రివెట్లు, తలుపులు, కెమెరా కిటికీలు కొలుచుకో. రంగుకి మాత్రం అది ఎగిరే రోజుల ఫోటోనే నమ్ము. పని చేస్తున్న స్థావరం గోడల దగ్గర, రేణిగుంట రన్‌వే పక్కన ఫోన్ పైకెత్తి ఫోటోలు తీయొద్దు. అధికార రహస్యాల చట్టం 1923 నుంచీ ఉంది. దానితో పరాచికాలు వద్దు, మీ అమ్మకి దిగులు పెట్టొద్దు.

చిత్తూరులో వాయుసేనలో చేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పో, కానీ చేతులూపుకుంటూ పోవద్దు. ఫోటోల ప్రింట్లు తీసుకుపో. "సార్, రంగు ఏది?" అని అడిగితే నలభై ఏళ్ళ కిందటి రంగు ఎవరికీ గుర్తుండదు. "ఇక్కడ స్ప్రే గన్‌తో కొట్టేవాళ్ళా, బ్రష్‌తో వేసేవాళ్ళా? ఈ నంబరు స్టెన్సిలా, చేత్తో రాసిందా?" అని అడుగు. చేతులు చేసిన పని చేతులకి గుర్తుంటుంది. 1971 యుద్ధానికి ముందు వెండిలా మెరిసే మిగ్ 21ల మీద హడావుడిగా పచ్చరంగు మచ్చలు వేశారు. అలాంటి పనికి ఒకే కొలత ఉండదు, చేసిన మనిషి నోటి నుంచే తెలియాలి. విమానం ఎక్కడికి పోయింది, ఏం ఫోటో తీసింది అని మాత్రం అడగొద్దు. వాళ్ళంతట వాళ్ళు చెప్తే విను.

నోటుబుక్కు సంగతి నీ చేత ఒట్టు వేయించుకోవాలని ఉంది. నా పాత పుస్తకంలో ఒక పేజీలో "పొట్ట నీలం కలిసిన బూడిద" అని నా చేతిరాతే ఉంది. ఎక్కడ చూశాను? ఎవరు చెప్పారు? ఫోటోనా, ఎవరో వేసిన బొమ్మా? ఏమీ రాయలేదు. పదేళ్ళ తర్వాత ఆ మాట నాకే పనికిరాలేదు. ప్రతి ముక్క పక్కన ఎక్కడిదో, ఏ తేదీదో రాయి. కళ్ళతో చూసింది నీలం పెన్నుతో, ఒకరు చెప్పింది నల్ల పెన్నుతో, నువ్వు ఊహించింది పెన్సిల్‌తో రాయి. పెన్సిల్ మాట మీద పెన్ను రుద్దాలంటే ఆధారం దొరకాలి. అమ్ముడయ్యే రంగుల బొమ్మలు చాలావరకు ఒకరిని చూసి ఒకరు వేసినవే. పది చోట్ల ఒకేలా ఉందంటే పది సాక్ష్యాలని కాదు.

ప్రస్తుతానికి మోడల్‌కి బూడిద ప్రైమర్ కొట్టి పక్కన పెట్టు. ఆదివారం తిరుపతికి రా. నా దగ్గర నాలుగు కాన్‌బెరా ఫోటోలున్నాయి, రెండిట్లో తోక మీద నంబరు చదవొచ్చు. భూతద్దం ఇస్తాను, నువ్వే చదువు. మీ పెద్దమ్మ రాగి సంగటి చేస్తానంటోంది, పొద్దున టిఫిన్ తినకుండా రమ్మంది.

మీ పెదనాయన