క్యాబిన్ క్రూలో చేరబోయే అమ్మాయికి పెద్దమ్మ రాసిన లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

విమానంలో ప్రయాణికులను చూసుకునే క్యాబిన్ క్రూ ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నావనీ, మీ నాన్న ఇంకా ఒప్పుకోలేదనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా ఉద్యోగ జీవితమంతా ఆ పనిలోనే గడిచింది కనుక నువ్వు అడిగినవాటితో పాటు అడగనివి కూడా రాస్తున్నాను.

ఇంటర్మీడియట్ పాసై, ఇంగ్లీషూ హిందీ తడబడకుండా మాట్లాడగలిగితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏవియేషన్ కోర్సు పేరిట లక్షలు కట్టనక్కరలేదు, ఎందుకంటే ఎంపికైన తర్వాత విమాన సంస్థే తాను నడిపే విమానాలకు తగిన శిక్షణ ఇస్తుంది. ఇంటర్వ్యూకి పిలిపిస్తానంటూ డబ్బు అడిగేవాణ్ణి మాత్రం దగ్గరికి రానీయకు.

ఇక మీ నాన్న బెంగ గురించి. ట్రేలు అందించడానికా ఇంత చదువు అని ఆయన అంటున్నారట. ప్రయాణికులకు కనిపించేది ఆ ట్రేలే గనుక ఆయన్ని తప్పుపట్టలేను. కానీ నిండా జనం ఉన్న విమానాన్ని, సగం తలుపులే పనిచేస్తున్నా 90 సెకన్లలో ఖాళీ చేయగలగాలన్నది కొత్త రకం విమానానికి ఆమోదం ఇచ్చేటప్పుడు చూసే నియమమనీ, ఆ పని చేయించవలసినది క్యాబిన్ క్రూ అనీ ఆయనకు చెప్పు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మంటల్లో చిక్కుకున్నప్పుడు లోపలి మైకులు పనిచేయకపోయినా, క్రూ మెగాఫోన్లతోనూ గొంతుతోనూ దారి చూపి, ఎనిమిదింట మూడు తలుపుల గుండానే 379 మందినీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాకర్ల మధ్య ప్రయాణికులను కాపాడుతూ ప్రాణాలిచ్చి అశోకచక్ర పొందిన నీర్జా భనోత్ కూడా ఈ ఉద్యోగం చేసిన మనిషే.

అందుకే శిక్షణలో నీకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మేకప్ కాదు, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ జంప్ సీటులో, అంటే క్రూ కోసం ఉండే మడత సీటులో, కూర్చుని చేసే మౌన మననం. బెల్టు బిగించుకుని, వీపు ఆనించి, నా తలుపు ఏది, తెరిచే ముందు కిటికీలోంచి బయట మంట ఉందో లేదో చూశానా, ఏ కేక వేయాలి, నాకు దగ్గర్లో ఎవరు సాయపడగలరు, ఎవరికి సాయం కావాలి అని వరసగా మనసులో అనుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ ఇది యాంత్రికమైపోతుంది. అలా కానివ్వకుండా చూసుకోవడమే ఈ వృత్తిలో అసలైన క్రమశిక్షణ అని నా నమ్మకం.

శరీరం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. తెల్లవారుజామున రెండింటికి క్యాబ్ వస్తుందంటే సాయంత్రం ఆరింటికే పడుకోవాలి, ఆ రోజు ఇంట్లో పెళ్లి ఉన్నా సరే. గదికి మందపాటి కర్టెన్లు వేయించుకో, నీ రోస్టర్ (డ్యూటీ వేళల పట్టిక) కాపీ వంటింటి గోడకు అంటించి ఇంట్లోవాళ్లకు అలవాటు చెయ్యి. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి దాహం వేయకముందే నీళ్లు తాగు. జలుబుతో ముక్కు దిబ్బడేసినప్పుడు ఎగరవద్దు. దిగేటప్పుడు ఒత్తిడికి చెవి కర్ణభేరి దెబ్బతింటే వారాల తరబడి డ్యూటీకి దూరం కావలసి వస్తుంది. ఎగిరిన గంటలకు వచ్చే అలవెన్సు పోతుందని జ్వరాన్ని దాచుకునే పిల్లలు చాలామంది ఉంటారు. నువ్వు ఆ దారి పట్టకు. డ్యూటీకి ముందు ఊపిరి పరీక్ష ఉంటుంది గనుక ఆల్కహాలు కలిసిన మౌత్‌వాష్ కూడా ఇంట్లో ఉంచుకోకు.

దురుసుగా మాట్లాడే ప్రయాణికుడికి ఒకసారి మర్యాదగా, రెండోసారి స్పష్టంగా చెప్పి, ఆ పైన సీనియర్‌కు అప్పగించు. ఎవరైనా చెయ్యి వేస్తే మాత్రం సర్దుకుపోకు. వెంటనే సీనియర్‌కు చెప్పి, దిగగానే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి.

చేరే ముందు బాండు ఎన్నేళ్లకో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం పెట్టకు. ఆ కాగితాలు చేతికి రాగానే ఫొటో తీసి నాకు పంపించు, మీ నాన్నతో కూర్చుని చదువుతాను.

మీ పెద్దమ్మ