డ్రైవ్ బొత్తాం తిప్పే ముందు

చిరంజీవి మేనకోడలికి,

రాజోలు నుంచి మామయ్య దీవెనలు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు అమ్మమ్మ చేత నాట్ల పాటలు పాడించి ఫోన్‌లోనే రికార్డు చేస్తున్నావట. వాటికి గరగల డోలు, హార్మోనియం కలిపి, మిక్సింగు కూడా ఫోన్‌లోనే చేసి, సంక్రాంతికి నీ పేరుతో విడుదల చేస్తావట. వింటుంటే నా ఛాతీ ఉప్పొంగింది తల్లీ. మన ఇంట్లో సౌండు పని నాతోనే ఆగిపోతుందని ఇన్నాళ్లూ దిగులుగా ఉండేది. ఆ దిగులు తీర్చావు.

ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది. "పాత టేపులా వినిపించాలని ఏవో ఎఫెక్టులు కొంటోంది అన్నయ్యా, వారానికొకటి." అప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. పొడుగ్గా ఉందని విసుక్కోకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. వేవ్ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యి. ఫోను తనంతట తాను గెయిన్ పెంచుతూ తగ్గిస్తూ ఉండే ఏర్పాటు ఉంటే ఆపెయ్యి. డోలు ఎంత గట్టిగా మోగినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. మిక్సింగుకు తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడు, బ్లూటూత్ వద్దు. వీటి గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు, నీకు తెలిసినవే.

ఇక అసలు సంగతి. శబ్దం పరికరం మోయగలిగిన హద్దు దాటినప్పుడు తరంగం తల అణుగుతుంది. పాత యాంప్లిఫయర్లలోని వాల్వులు (ట్యూబులన్నా అవే), టేపు ఆ తలను మెల్లగా వంచుతాయి, దాన్నే సాచురేషన్ అంటున్నారు. హద్దు దగ్గర ఒక్కసారిగా తెగ్గోస్తే గట్టి డిస్టార్షన్. వంగినా తెగినా, పాడిన స్వరంతో పాటు దాని పై స్వరాలు కొత్తగా పుడతాయి, వాటినే హార్మోనిక్స్ అంటారు. నువ్వు సంగీతం నేర్చుకున్న పిల్లవి కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. షడ్జం పాడితే రెండో హార్మోనిక్ పై స్థాయి షడ్జం. మూడోది దాని పైన పంచమం. ఐదోది ఇంకా పైన అంతర గాంధారం. తంబురాలో మంద్ర షడ్జం తీగ చక్కగా శ్రుతి కలిస్తే ఎవరూ మీటని గాంధారం దానంతటదే పలుకుతుందని మీ టీచరుగారు చూపించే ఉంటారు. ఆ గాంధారం ఇదే.

తరంగం పైనా కిందా సమానంగా అణిగితే బేసి సంఖ్య హార్మోనిక్స్ వస్తాయి, అంటే పంచమం, గాంధారం. ఒకవైపే ఎక్కువ వంగితే సరి సంఖ్యవి కూడా కలుస్తాయి, ముఖ్యంగా పై షడ్జాలు. ట్యూబ్ అని పేరున్న ఎఫెక్టులు ఎక్కువగా ఈ రెండో దారిలో నడుస్తాయి, టేప్ అని పేరున్నవి మొదటి దారిలో. ఎఫెక్టు ఎంచుకునేటప్పుడు తెర మీద గీసిన పాత మెషీను బొమ్మను చూసి మురిసిపోకు. ఈ శబ్దానికి ఏ స్వరం కలిస్తే నిండుతుంది అని నిన్ను నువ్వు అడుగు.

డోలు తీసుకో. దాని అడుగు దెబ్బ 80 హెర్ట్జుల దగ్గర ఉందనుకుందాం. నీ పాట వినేవాళ్లలో ఎక్కువమంది ఫోను స్పీకరు మీదే వింటారు. ఆ చిన్న స్పీకరు రెండు మూడు వందల హెర్ట్జుల కింద సరిగా పలకలేదు. నువ్వు హెడ్‌ఫోన్‌లో గుండె అదిరేలా పెట్టిన డోలు అక్కడికి వెళ్లేసరికి టకటక మాత్రమే మిగులుతుంది. దానికి కాస్త సాచురేషన్ ఇస్తే 160, 240, 320 హెర్ట్జుల దగ్గర పై స్వరాలు పుడతాయి. వాటి వరుసను పట్టుకుని చెవి, రాని అడుగు స్వరాన్ని కూడా ఊహించుకుంటుంది. కాబట్టి డోలు మీద ధైర్యంగా డ్రైవ్, అంటే శబ్దాన్ని ఆ హద్దు వైపు తోసే బొత్తాం, తిప్పు. అసలు ట్రాకు అలాగే ఉంచి, దాని నకలు మీద గట్టిగా పెట్టి, ఆ నకలును కింద సన్నగా కలుపు. దెబ్బ మొదట్లో చర్మం మీద పుల్ల తగిలే చప్పుడు అసలు ట్రాకులోంచి వస్తుంది, ఒళ్లు నకలులోంచి వస్తుంది.

హార్మోనియం విషయంలో జాగ్రత్త. ఒక్క స్వరం మీద డిస్టార్షన్ ఒక రకం, రెండు మూడు స్వరాలు కలిసి మోగుతుంటే మరో రకం. అప్పుడు వాటి మొత్తాలూ తేడాలూ కొత్త స్వరాలై పుడతాయి, ఎవరూ వాయించని స్వరాలు. అందుకే గొంతు, డోలు, హార్మోనియం అన్నీ కలిసిన చివరి మిక్స్ మీద గట్టి ఎఫెక్టు వెయ్యవద్దు. దేనికి దానికే విడివిడిగా ఇవ్వు. పాటల్లో ఒకటి హిందోళం వరసలో ఉందని మీ అమ్మ అంది. హిందోళంలో పంచమమే లేదు, గాంధారం సాధారణ గాంధారం. అక్కడ శ్రుతి షడ్జం మీద బేసి హార్మోనిక్స్ గుప్పిస్తే లేని పంచమం, రాకూడని గాంధారం పైకి తన్నుకొస్తాయి. చీరకు గంజి పెట్టినంత చాలు: నిలబడాలి, ఫెళఫెళలాడకూడదు.

అమ్మమ్మ గొంతు గురించి రాయాలని మొదలుపెట్టి ఇప్పటిదాకా దాటేస్తూ వచ్చాను. ఆ గొంతుకు టేప్ ఎఫెక్టు పెట్టి, అందులో గరగరలు, ఊగిసలాట కూడా పెంచావని విన్నాను. ఎందుకమ్మా? ఆవిడ గొంతు ఇప్పటికే వణుకుతోంది. ఆ వణుకు మీద మెషీను వణుకు కలిపితే ఏది అమ్మమ్మదో ఏది యాప్‌దో తెలియదు. ఆ రెండు బొత్తాలూ సున్నాకు దించు. ఇలా అన్నానని చిన్నబుచ్చుకోకు. నువ్వు ఆవిడ పక్కన కూర్చుని, ఓపిగ్గా మంచినీళ్లిస్తూ, ఒక్కో చరణం గుర్తుచేస్తూ పాడించావని మీ అమ్మ చెబుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు. కొడుకును, పక్కనే మైకులు పెట్టుకుని నేను చేయని పని నువ్వు చేశావు.

టేపు మీద నాకు ప్రేమ లేదనుకోకు. నా భయమంతా ఒక స్పూలు టేపు వల్ల వచ్చింది. ఆ కథ నీకెప్పుడూ చెప్పలేదు.

నేను పని నేర్చుకున్న సౌండ్ సర్వీసు యజమానికి రికార్డింగు మీద ఇష్టం. మా రేవులో పంటు నడిపే ఒక పెద్దాయన తత్త్వాలు పాడేవాడు. అవతలి గట్టున దిగాల్సినవాళ్లు కూడా పాట అయ్యేదాకా పంటులోనే నిలబడేవారు. యజమాని ఆయన్ని ఒక రాత్రి షాపుకు పిలిపించి స్పూలు మీద రికార్డు చేశాడు. నేను మెషీను పక్కన కూర్చుని మీటరు ముల్లు చూస్తున్నాను. ముల్లు ఎర్రగీతను ముట్టీ ముట్టనట్టు ఆడింది. ఎంత శుభ్రంగా వచ్చిందంటే, పల్లవి ఎత్తుకునే ముందు ఆయన ముక్కుతో గాలి పీల్చుకోవడం, తాళానికి మోకాలి మీద అరచెయ్యి పడటం కూడా వినిపించేవి. పాటకూ పాటకూ మధ్య నవ్వుతూ తన కూతురిని పేరు పెట్టి పిలిచి, "విన్నావా అమ్మా" అన్నాడు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

ఆ పాట తిరునాళ్లలో హారన్ స్పీకర్ల మీద వేస్తే జనం గోలలో కలిసిపోయింది. యజమాని ఊరుకోలేదు. వాల్వుల యాంప్లిఫయరు గెయిన్ బాగా పెంచి, గొంతు పగిలేదాకా తోసి, దాన్ని క్యాసెట్లోకి దించాడు. నిజం చెప్పాలి, హారన్ మీద అది అద్భుతంగా పలికింది. హారన్‌కు అడుగు స్వరాలు ఎలాగూ రావు. పగిలినందువల్ల పుట్టిన పై స్వరాలు గోలను చీల్చుకుని రోడ్డు చివరిదాకా వెళ్లాయి. ఆ హారన్‌కూ ఆ రోడ్డుకూ అదే సరైన పని. నేను ఇప్పటికీ ఆ మాటే అంటాను.

కానీ ఆ తర్వాత వారంలో ఒక పెళ్లి రికార్డింగు వచ్చింది. స్పూలు టేపు ఖరీదైన వస్తువు. పాట క్యాసెట్లో ఉంది కదా అని యజమాని ఆ స్పూలు మీదే పెళ్లి రికార్డు చేశాడు.

పెద్దాయన పోయాక కూతురు షాపుకు వచ్చింది. నాన్న గొంతు కావాలంది. క్యాసెట్టు పెట్టాం. మంచి స్పీకరు మీద, చిన్న గదిలో విన్నప్పుడు అది ఆయన గొంతు కాదు. ఊపిరి లేదు. చిన్న మాటా పెద్ద మాటా ఒకే ఎత్తులో అణిగిపోయాయి. ప్రతి "స" దగ్గరా ఇసక రాపిడి. పాటల మధ్య మాటలు యజమాని ఎక్కించనే లేదు. "విన్నావా అమ్మా" అన్న మాట ఎక్కడుందని ఆవిడ అడిగింది. మేమిద్దరం నేల చూపులు చూశాం. ఎలాగైనా బాగుచేయమంది. వంగిన తరంగాన్ని పూర్తిగా సరిచేయలేమని, తెగినదాన్ని తిరిగి అతికించలేమని ఆవిడకు ఎలా చెప్పాలి? ఆ మిగిలిన క్యాసెట్టు కూడా 1996 నవంబరు తుఫానుకు షాపు పైకప్పు లేచిపోయినప్పుడు వానలో నానిపోయింది. పని నేర్పిన యజమాని మీద నాకు కోపం లేదు. ఆ గొంతు మాత్రం ఇక లేదు.

ఇప్పుడు అర్థమైందా నేనెందుకు ఇంత కంగారు పడుతున్నానో? అమ్మమ్మ పాట ఏ ఎఫెక్టూ తగలనిది, కత్తిరించనిది, మధ్యలో ఆవిడ దగ్గిందీ నిన్ను విసుక్కుందీ అన్నీ ఉన్నది, ఒక ఫైలు విడిగా ఉండాలి. ఎఫెక్టు ఆన్‌లో పెట్టి రికార్డు చేయనే వద్దు. వింటూ పాడటానికి కావాలంటే హెడ్‌ఫోన్‌లో వినిపించు, ఫైలులోకి ఎక్కనివ్వకు. ఒక గొంతు ట్రాకు నిమిషానికి తొమ్మిది మెగాబైట్లు కూడా కాదు. చోటు లేదనే మాట నా దగ్గర చెల్లదు.

గొంతుకు సాచురేషన్ పెట్టేటప్పుడు వరస కూడా ముఖ్యం. ముందు ఈక్వలైజరుతో అడుగున ఉన్న ఫ్యాను హోరు తీసెయ్యి, ఆ తర్వాత "స, శ" లను డీ-ఎస్సరుతో తగ్గించు, అప్పుడు డ్రైవ్. హోరుతో సహా డ్రైవ్ చేస్తే హోరుకు కూడా హార్మోనిక్స్ పుడతాయి. సకారాల మీద ఇంకో ప్రమాదం ఉంది. 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో 24 కిలోహెర్ట్జ్ పైన ఏ శబ్దానికీ చోటు లేదు. 9 కిలోహెర్ట్జ్ సకారానికి ఐదో హార్మోనిక్ 45. చోటు లేక అది వెనక్కి మడతపడి 3 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, సరిగ్గా చెవికి చురుక్కుమనే చోట. అది ఏ స్వరానికీ చెందని శబ్దం. పాత మెషీన్లలో ఈ జబ్బు లేదు. ఎఫెక్టులో ఓవర్‌శాంప్లింగ్, అంటే లోపల ఇంకా ఎక్కువ వేగంతో లెక్క కట్టే ఏర్పాటు, ఉంటే నాలుగు రెట్లు పెట్టు. ఫోను వేడెక్కి శబ్దం తెగుతుంటే ఆ ఒక్క ట్రాకును ఎఫెక్టుతో సహా కొత్త ఫైలుగా మార్చుకుని, ఎఫెక్టు తీసెయ్యి. అసలు ఫైలు పక్కన ఉండాలి సుమా.

డ్రైవ్ పెంచినప్పుడల్లా అవుట్‌పుట్ అంతే తగ్గించు. గట్టిగా వినిపించేది ఎవరికైనా బాగున్నట్టే ఉంటుంది. ఎఫెక్టు తీసినా పెట్టినా ఒకే ఎత్తులో వినిపించేలా చేసి, కళ్లు మూసుకుని, ఏది పెట్టిందో ఏది తీసిందో చూడకుండా విను. అప్పుడు కూడా పెట్టిందే నచ్చితే ఉంచు.

కొనడం గురించి. నీది ఆండ్రాయిడ్ ఫోను. ఆపిల్‌లో 2015 నుంచి ఏయూవీ3 అనే ఏర్పాటు ఉంది, ఒకరు చేసిన ఎఫెక్టును ఇంకొకరి యాప్‌లో పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో అలా అందరూ వాడే ఏర్పాటు లేదు, యాప్ లోపల ఉన్నవే గతి. అందుకని ఐప్యాడ్ కొంటానంటున్నావట. ఇప్పుడే వద్దు. నీ దగ్గరున్న ఎఫ్‌ఎల్ స్టూడియో మొబైల్‌లో డిస్టార్షన్, ఈక్వలైజరు ఉన్నాయి. ఒక్క డోలును వాటితో సాధించు. ఆ తర్వాత కూడా ఐప్యాడ్ కావాలనిపిస్తే నేనూ కొంత వేస్తాను. అప్పుడు ముందుగా చౌ టేప్ మోడల్ దించుకో. సోనీ టీసీ-260 అనే స్పూలు మెషీను నడకను లెక్కలు కట్టి తయారుచేశారు దాన్ని, ఉచితం. ఫ్యాబ్‌ఫిల్టర్ శాటర్న్ 2 ఖరీదైనది, కానీ శబ్దాన్ని ఆరు భాగాల వరకు విడదీసి దేనికి దానికే డ్రైవ్ ఇవ్వనిస్తుంది. డోలు అడుగుకు ఒకటి, అంచు దెబ్బకు ఒకటి. అది కొనదగ్గ వస్తువు. బిట్‌క్రషర్లు, అంటే డిజిటల్ శబ్దాన్ని కావాలని ముతక చేసే ఎఫెక్టులు, మాత్రం ఈ పాటలకు వద్దు. వేరే పాటలు చేసినప్పుడు నీ ఇష్టం.

అసలు ఫైళ్లు మూడు చోట్ల పెట్టు. ఆన్‌లైన్ డ్రైవ్‌లో ఒకటి, మీ ఇంట్లో మెమరీ కార్డులో ఒకటి. మూడోది నాకివ్వు. మీ అమలాపురానికి నీళ్లొస్తే మా రాజోలుకూ వస్తాయని నాకు తెలుసు, అందుకే దాన్ని విశాఖలో మీ బావ దగ్గరికి పంపిస్తాను. ఆదివారం ఉదయం బస్సుకు నేనే వస్తున్నాను, కార్డు సిద్ధంగా ఉంచు. కొత్తది కొను, ఫోటోలు తీసిన పాతది వద్దు.

అమ్మమ్మ దగ్గు తగ్గాకే మిగిలిన పాటలు పాడించు. డోలు వాళ్లకు బయానా ఇచ్చావో లేదో రాయి. సంక్రాంతి దగ్గరపడితే వాళ్లు దొరకరు.

ప్రేమతో,
మీ మామయ్య