ఆ పొగ ఎంత ఎత్తులో ఉంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అగ్నిపర్వతాల బూడిద గురించి, కార్చిచ్చుల పొగ గురించి. ఉపగ్రహ చిత్రాలు చదవడం నాకు చాలా ఏళ్లపాటు ఉద్యోగం, ఇప్పటికీ ఇష్టమైన పని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపేశాను.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రంలో మబ్బూ తెల్లగానే ఉంటుంది, పొగా దాదాపు అలాగే ఉంటుంది. తేడా ఎలా కనిపెడతారు? – ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఒక్క బొమ్మ చూపించి చెప్పమంటే చాలాసార్లు ఎవరికైనా కష్టమే. వరసగా నాలుగైదు బొమ్మలు కావాలి. జపాన్ వాళ్ల హిమావరి ఉపగ్రహం తనకు కనిపించే భూభాగం మొత్తాన్ని 10 నిమిషాలకోసారి ఫొటో తీస్తుంది. మన ఇన్సాట్ ఉపగ్రహాలు అరగంటకోసారి తీస్తాయి. ఆ బొమ్మలను ఒకదాని వెంట ఒకటి తిప్పి చూడండి. మబ్బు మొత్తంగా జరిగిపోతుంది. పొగ అలా కాదు. దాని మొదలు ఒకేచోట పాతుకుని ఉంటుంది, తోక మాత్రం గాలివాటుగా సాగుతుంది. మొదట్లో సన్నగా, చిక్కగా ఉండి, పోనుపోను వెడల్పయి పలచబడుతుంది. నా కన్ను ముందుగా వెతికేది కదలకుండా ఉన్న ఆ మొదలునే.

ఆ తర్వాత పరారుణ (ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వేడి కిరణాల) బొమ్మ తెరిచి పక్కన పెట్టుకుంటాను. పొగ రేణువులు చాలా చిన్నవి, ఎక్కువ భాగం ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) కూడా ఉండవు. అవి నీలి కాంతిని బాగా చెదరగొడతాయి కాబట్టి మామూలు బొమ్మలో పొగ నీలం కలిసిన బూడిద రంగులో కనిపిస్తుంది. నేల నుంచి వచ్చే పొడవాటి పరారుణ తరంగాలను మాత్రం అవి పెద్దగా ఆపలేవు. అందుకని పరారుణ బొమ్మలో మబ్బు ఉన్నచోటే ఉంటుంది, పొగ దాదాపు మాయమైపోతుంది.

ఇంకో సంగతి. పొగ తన మీద పడ్డ వెలుతురును ఎక్కువగా ముందువైపుకే చెదరగొడుతుంది. కాబట్టి సూర్యుడు దిగువన ఉండే పొద్దున, సాయంత్రం వేళల్లో పలచటి పొగ కూడా ఉపగ్రహానికి తేటగా కనిపిస్తుంది. మధ్యాహ్నం అదే పొగ కంటికి ఆనదు. సాయంత్రం బొమ్మ చూసి ‘రెండు గంటల్లో పొగ రెట్టింపయింది’ అని కంగారుపడే వాళ్లను చూశాను. చాలాసార్లు మారింది వెలుతురు పడే కోణమే.

ప్రశ్న: విమానంలో రాడార్ ఉంటుంది కదా, దారిలో బూడిద మబ్బు ఉంటే దానికి తెలియదా? రాత్రిపూట ఉపగ్రహానికైనా ఎలా తెలుస్తుంది? – తరచూ విమాన ప్రయాణం చేసే ఓ పాఠకుడు

జవాబు: తెలియదు. 1982 జూన్ 24 రాత్రి ఇండోనేషియాలోని జావా దీవి దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో జెట్ ఒకటి గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి దూసుకుపోయింది. నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానంలో 260 మందికి పైగా ఉన్నారు. బాగా కిందికి జారాక ఇంజన్లు మళ్లీ అందుకున్నాయి, కెప్టెన్ ఎరిక్ మూడీ బృందం జకార్తాలో క్షేమంగా దింపగలిగింది. అద్దాలు ఎంత గీరుకుపోయాయంటే ఎదురుగా రన్‌వే సరిగా కనపడలేదు. ఆ రాత్రి విమానం రాడార్ ఏమీ పట్టుకోలేదు, ఎందుకంటే అది నీటి బిందువులను వెతికే రాడార్. పొడి బూడిద దానికి ఖాళీ ఆకాశంతో సమానం. బూడిద అంటే పొయ్యిలో మిగిలేలాంటిది కాదు, నలిగిన రాయి, గాజు. ఇంజన్ లోపలి వేడికి కరిగి, టర్బైన్ భాగాలకు అంటుకుని గట్టిపడుతుంది.

ఇక రాత్రి సంగతి. నేల, సముద్రం రాత్రింబవళ్లు పరారుణ కిరణాలను వెదజల్లుతూనే ఉంటాయి. ఉపగ్రహం వాటిని 11 మైక్రాన్ల దగ్గర ఒకసారి, 12 మైక్రాన్ల దగ్గర ఒకసారి కొలుస్తుంది. మధ్యలో మామూలు మబ్బు అడ్డొస్తే, నీరూ మంచూ 12 దగ్గర ఎక్కువ పీల్చుకుంటాయి కాబట్టి అక్కడ ఉష్ణోగ్రత తక్కువ చూపిస్తుంది. బూడిదలోని సిలికేట్లు (రాతిలో ఉండే ఖనిజాలు) దీనికి తిరగబడి ఉంటాయి, 11 దగ్గర ఎక్కువ పీల్చుకుంటాయి. 11 లోంచి 12ను తీసేస్తే మబ్బుకు ప్లస్, బూడిదకు మైనస్. ఈ చిన్న తీసివేత మీద విమానయాన భద్రత ఎంతో ఆధారపడి ఉంది. డ్యూటీలో ఉండగా నల్లటి సముద్రం మీద మైనస్ అంకెల గీత ఒకటి సన్నగా మొదలవడం చూస్తే ఎంత అలవాటున్నా టెన్షన్ వస్తుంది.

కానీ ఇది ప్రతిసారీ పనిచేయదు. పేలుడు మొదటి గంటల్లో మబ్బు ఎంత దట్టంగా ఉంటుందంటే కింది నుంచి ఏ కిరణమూ పైకి రాదు, తేడా సున్నా. బూడిదతోపాటు నీటి ఆవిరి ఎక్కువగా లేస్తే ప్రతి రేణువు చుట్టూ మంచు పేరుకుని మామూలు మబ్బులా నటిస్తుంది. ఎడారి ధూళి కూడా మైనస్ చూపిస్తుంది. అందుకని అగ్నిపర్వతం బూడిదతోపాటు వదిలే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును తోడు తెచ్చుకుంటాం. ఆ వాయువు అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. 2017లో పంపిన సెంటినెల్-5పీ మీది ట్రోపోమీ పరికరం దాన్ని చక్కగా పట్టుకుంటుంది, కాకపోతే పగటిపూట మాత్రమే. ఇవన్నీ కలిపి చూసి విమానాలకు హెచ్చరికలు పంపే కేంద్రాలు ప్రపంచంలో తొమ్మిది ఉన్నాయి. టోక్యో, డార్విన్, టులూజ్, లండన్ వాటిలో కొన్ని.

ప్రశ్న: 35,786 కిలోమీటర్ల పైనుంచి చూసే ఉపగ్రహానికి పొగ ఎత్తు ఎలా అంతుపడుతుంది? పైనుంచి చూస్తే అంతా చదునుగానే ఉంటుంది కదా? – ఒక సైన్సు టీచర్

జవాబు: మీ ప్రశ్న చదివి చాలా సంతోషమేసింది టీచర్ గారూ. ఈ పనిలో అసలు చిక్కు ఇదే. పొగ ఎక్కడుందో బొమ్మే చూపిస్తుంది. ఎటు పోతుందో తెలియాలంటే ఎత్తు కావాలి, ఎందుకంటే ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో దిక్కుకు వీస్తుంది. 2011 మేలో ఐస్‌లాండ్‌లో గ్రిమ్స్‌వోట్న్ పేలినప్పుడు పైకెక్కిన సల్ఫర్ డయాక్సైడ్ చాలావరకు ఉత్తరానికి పోయింది, కింద ఉండిపోయిన బూడిద దక్షిణంగా యూరప్ వైపు దిగింది. వాయువు ఉన్నచోటే బూడిదా ఉంటుందనుకుంటే పొరపాటే.

మామూలుగా చేసేది ఉష్ణోగ్రత చూడటం. మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో కొలిచి, బెలూన్లు పంపి తెలుసుకున్న గాలి ఉష్ణోగ్రతల పట్టికలో అది ఏ ఎత్తుకు సరిపోతుందో చూస్తాం. ఇది స్ట్రాటోస్ఫియర్ (మామూలు మబ్బులుండే పొరకు పైనున్న గాలి పొర) కింద వరకే నమ్మకం. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ గాలి మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి ఒకే ఉష్ణోగ్రతకు రెండు ఎత్తులు తగులుతాయి. పొద్దున, సాయంత్రం అయితే నీడ పొడవును బట్టి కూడా లెక్క కట్టొచ్చు.

2022 జనవరి 15న పసిఫిక్‌లో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు ఉష్ణోగ్రత పట్టిక చేతులెత్తేసింది. అదృష్టం ఏమిటంటే ఆ చోటును జపాన్, కొరియా, అమెరికాల భూస్థిర ఉపగ్రహాలు (భూమితోపాటే తిరుగుతూ ఎప్పుడూ ఒకే చోటు మీద ఉండేవి) మూడు వేర్వేరు కోణాల నుంచి చూస్తున్నాయి. పిల్లలకు తరగతిలో ఇలా చూపించండి: చెయ్యి చాపి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూడమనండి. వేలు వెనక గోడ మీద జరిగినట్టు కనిపిస్తుంది. వేలు కంటికి దగ్గరయ్యేకొద్దీ ఆ జరుగుడు పెరుగుతుంది. ఉపగ్రహాల బొమ్మల్లో కూడా ఎత్తైన మబ్బు ఒక్కోదానిలో ఒక్కోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తేడాను కొలిస్తే ఎత్తు తేలింది: 57 కిలోమీటర్లు! స్ట్రాటోస్ఫియర్‌ను కూడా దాటి దాని పై పొర మీసోస్ఫియర్ చేరింది. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో అగ్నిపర్వతం లేపిన మబ్బు దాదాపు 40 కిలోమీటర్లు.

పొగ కూడా తక్కువేం కాదు. 2019–20 ఆస్ట్రేలియా కార్చిచ్చుల పొగ ముద్ద ఒకటి, వెయ్యి కిలోమీటర్ల వెడల్పున తనచుట్టూ తాను తిరుగుతూ, నెలల తరబడి చెదరకుండా దాదాపు 35 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్కింది. దానిలోని నల్లటి మసి ఎండను పీల్చుకుని వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి ఇంకా పైకి లేస్తుంది. దీన్ని కాలిప్సో ఉపగ్రహం లేజర్ కిరణాలు పంపి పొర పొరగా కొలిచింది. 2006 నుంచి 2023 దాకా పనిచేసిన ఆ ఉపగ్రహమంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. దాని లేజర్ తన దారి కింద ఉన్న సన్నటి గీత మేరకే చూసేది, కానీ ఆ గీతలో ఎత్తు విషయంలో సందేహం మిగిల్చేది కాదు. ఇప్పుడు ఆ పని 2024లో పంపిన ఎర్త్‌కేర్ చేస్తోంది.

ప్రశ్న: మంటల మ్యాప్‌లో మేమున్న చోట ఎర్రచుక్క ఉంది, ఇక్కడ మంటే లేదు. ఇంకోసారి కళ్లెదుట గడ్డి తగలబడుతుంటే చుక్క రాలేదు. ఎందుకని?

జవాబు: చుక్క పెట్టేది పిక్సెల్ మధ్యలో. పిక్సెల్ అంటే ఉపగ్రహ చిత్రంలోని ఒక్క గడి. ఉపగ్రహాల మీద మంటలను పట్టే పరికరాల్లో వీర్స్‌కు ఆ గడి 375 మీటర్లు, మోడిస్‌కు ఒక కిలోమీటరు. మంట అందులో ఏ మూలైనా ఉండొచ్చు. ఫ్యాక్టరీ కొలిమి, గ్యాస్ మండించే గొట్టం కూడా చుక్కగా పడతాయి. చుక్క రాకపోవడానికి కారణం చాలాసార్లు వేళ. వీర్స్ ఉన్న ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక అదే వేళకు వస్తాయి. సాయంత్రం నాలుగింటికి అంటుకుని ఏడింటికి ఆరిపోయిన మంట వాటికి తెలియదు. మబ్బు పట్టినా అంతే.

ప్రశ్న: మా అమ్మకు ఆస్తమా. పొగ మ్యాప్ మా ప్రాంతమంతా ముదురు రంగు చూపిస్తే భయపడి తలుపులన్నీ మూసేశాం. బయట గాలి మామూలుగానే ఉంది. ఈ మ్యాప్‌లను నమ్మాలా వద్దా? – ఓ పాఠకురాలు

జవాబు: నమ్మండమ్మా, అది చెప్పే మేరకు. ఆ రంగు నేల నుంచి ఆకాశం దాకా ఉన్న రేణువులన్నిటినీ కలిపి వేసిన లెక్క. అందులో మీ అమ్మగారు పీల్చే గాలి ఎంతో విడిగా ఉండదు. 2025 నవంబర్ 23న ఇథియోపియాలో హైలీ గుబ్బీ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిద ఎర్రసముద్రం, అరేబియా దాటి మర్నాటి రాత్రికి ఉత్తర భారతం మీదికి వచ్చింది. కొన్ని విమానాలు రద్దయ్యాయి. కానీ ఆ మబ్బు కిలోమీటర్ల ఎత్తులో సాగిపోయింది కాబట్టి నేల మీది వాళ్లకు పెద్దగా తగల్లేదు.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది, నాకు దిగులు దాని గురించే. రాత్రి నేల చల్లబడ్డాక దగ్గర్లోని పొగ పైకి లేవలేక కిందే పేరుకుంటుంది. మధ్యాహ్నం వచ్చిపోయే ఉపగ్రహం దాన్ని చూడదు, మ్యాప్ లేత రంగులోనే ఉంటుంది. కాబట్టి మ్యాప్‌ను ముందస్తు కబురుగా వాడుకోండి, బొమ్మ మీద రాసిన సమయం చూడండి. అది సాధారణంగా అంతర్జాతీయ సమయంలో ఉంటుంది, మన టైముకు మార్చుకోవాలి. తలుపులు మూయాలా వద్దా అన్నది మాత్రం మీకు దగ్గర్లోని పీఎం2.5 (గాలిలోని అతి సన్నటి రేణువులు) మీటరు రీడింగ్ చూసి తేల్చుకోండి. పొగ రోజుల్లో అమ్మగారి నడక తెల్లవారుజామున వద్దు, ఎండెక్కి గాలి కలిశాక మీటరు తగ్గితే అప్పుడు వెళ్లనివ్వండి. ఇన్‌హేలర్ ఎప్పుడెంత వాడాలో డాక్టరును ముందే అడిగి రాసి పెట్టుకోండి.